కాందిశీకుడు, శరణార్థి: 1942 బర్మా తెలుగువారి వలసయు అంతర్జాతీయ బాధ్యతయు

యుద్ధభయమున ఇల్లు విడిచి పోవువానికి తెలుగున రెండు పేర్లు వాడుకలో నున్నవి. ఒకటి కాందిశీకుడు, రెండవది శరణార్థి. రెండును సంస్కృతమునుండి వచ్చినవే. ఒకదానికి మారుగా మరియొకదానిని వాడుట నేడు పరిపాటి. కాని ఈ రెండు పదముల చూపు ఒకటి కాదు. 'కాం దిశమ్', అనగా 'ఏ దిక్కునకు' అను ప్రశ్నయే కాందిశీక శబ్దమునకు మూలము. భయముచేత పరుగెత్తువాడని అమరకోశము దాని కర్థము చెప్పినది. ఎవరివలన భయము, ఏ కారణమున భయము అను విచారణ ఆ పదములో లేదు. దిక్కు తోచకపోవుటయే దాని సారము. శరణార్థి యన్ననో, శరణము నర్థించువాడు. శరణ శబ్దమునకు ఇల్లు అనియు, రక్షకుడు అనియు నిఘంటువులు రెండర్థములు చెప్పుచున్నవి. కనుక శరణార్థి యనగానే ఇచ్చువాడొకడు ఎదుట నుండవలెను. మొదటి పదము ఆపదను చెప్పును. రెండవది ఇతరుల బాధ్యతను చెప్పును.

ఈ రెండు పదముల నడుమ నున్న దూరమే ఈ వ్యాసమునకు విషయము. 1942లో బర్మానుండి కాలినడకను వచ్చిన తెలుగువారు కాందిశీకు లనుటలో ఎవరికిని సందేహము లేదు. కాని వారు ఎవరి శరణార్థులు? ఏ ప్రభుత్వము, ఏ అంతర్జాతీయ సంస్థ వారికి బాధ్యత వహింపవలసి యుండెను? ఈ ప్రశ్నకు నాడు సమాధానము లేదు. తరువాత వచ్చిన అంతర్జాతీయ శాసనములందును అది సగమే దొరకినది. ఆ మిగిలిన సగము నేడు మన హైదరాబాదు నగరపు పొలిమేరలలో మరల ఎదురగుచున్నది.

ఉత్తరాంధ్ర, గోదావరి మండలముల పల్లెలలో రంగూను నగరమునకు 'రంగం' అని పేరు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఏటేట వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగం పోవుచుండిరి. బర్మాలో వారికి 'కోరంగీలు' అను పేరు వచ్చినది. గోదావరి ముఖమున నుండిన కోరంగి రేవు ఈ పేరునకు మూలము. 1839 నాటి తుపానులో ఆ రేవు పాడువడినను, పేరు సముద్రము దాటి నిలిచినది. ఓడల సరకు దింపుట, బియ్యపు మరలలో పనిచేయుట, రిక్షాలు లాగుట, వీధులు శుభ్రపరచుట వీరి పనులు. మేస్త్రీలు బయానా ఇచ్చి మనుష్యులను కూర్చుకొని పోవుదురు. ఆ అప్పు తీరువరకు కూలివాడు మేస్త్రీకి లోబడి యుండవలెను. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. నాలుగు లక్షల జనాభాగల రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది భారతీయులే. రేవు కూలీలలో తెలుగువారిదే పైచేయి.

ఈ కూలీలు లేనిదే రేవు నడువదు. ఐనను వారికి అచట వేరు దొరకలేదు. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంపుదలకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె ముగిసినంతనే ఆ బర్మీయులను పంపివేసిరి. అందువలన మే 26న చెలరేగిన కొట్లాటలో నూరుమందికి పైగా మరణించిరి. మృతులలో పెక్కుమంది తెలుగు కూలీలే. ఇరుపక్షముల పేదలను ఒకరిపై నొకరిని పురికొల్పిన ఆర్థిక వ్యవస్థ ఆ నష్టములో పాలుపంచుకొనలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరు చేయబడెను. ఆనాటినుండి తెలుగు కూలివాడు ఒకే సామ్రాజ్యపు ప్రజయై యుండియు పరదేశి యయ్యెను. 1938లో మరల అల్లరులు జరిగినవి. 1941లో వలసలను నియంత్రించు ఒప్పందమొకటి రెండు ప్రభుత్వముల నడుమ కుదిరినది. ఆ ఒప్పందము సక్రమముగా అమలు జరుగకమునుపే యుద్ధము వచ్చినది.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రెండు దినములకు మరల వేసెను. రేవు ప్రాంతమే దాడికి గురి యగుటచేత భారతీయ కూలీలు పెక్కుమంది మడిసిరి. మిగిలినవారు నగరము విడిచి ప్రోమ్ వైపు నడువసాగిరి. ఇచట ప్రభుత్వము ప్రవర్తించిన తీరు గమనింపదగినది. కూలీలు పోయినచో రేవు ఆగిపోవును, పోరు సామగ్రి దిగదు. కనుక వారిని నచ్చజెప్పి వెనుకకు మరలించుటకు ప్రయత్నములు జరిగినవి. ఓడలలో డెక్కుపై ప్రయాణము చేయ దలచిన వయోజనులగు భారతీయ పురుషులకు ప్రయాణము నిషేధింపబడెను. పై తరగతి టిక్కెట్టు కొనగలవానికి ఆ అడ్డు లేదు. నిషేధము జాతిపేర వెలువడలేదు. కాని దాని బరువు ఎవరిపై బడినదో విడమరచి చెప్పనక్కరలేదు. 1942 మార్చి 8న జపానుసేన రంగూను ప్రవేశించునాటికి సముద్రమార్గము మూతపడినది. మిగిలినవి కొండదారులు మాత్రమే.

ఆ దారులు ముఖ్యముగా మూడు. మొదటిది ప్రోమ్‌నుండి టౌంగప్ కనుమ దాటి అరకాను తీరమునకు దిగి, అక్యాబు మీదుగా చిట్టగాంగు చేరునది. రెండవది మాండలే దాటి చింద్విన్ లోయమీదుగా టమూ, పాలేల్, ఇంఫాల్ దాటి దీమాపూరు రైలుస్టేషను చేరునది. మూడవది అన్నిటికంటె భయంకరమైన హుకాంగ్ లోయదారి. అది పాంగ్సా కనుమమీదుగా అస్సాములోని లేడో చేరును. టౌంగప్ దారిలో నీరు లేక, కలరా వచ్చి జనము రాలిపోయిరి. హుకాంగ్ లోయలో మే నెలలో వర్షములు ప్రారంభమై, బురదలో చిక్కి, మలేరియాతోను ఆకలితోను చచ్చిరి. అస్సాము టీతోటల యజమానుల సంఘమువారు దారిలో శిబిరములు పెట్టి అన్నము వండించి పెక్కుమందిని కాపాడిరి. అది ప్రభుత్వపు ముందుచూపు గాదు, అవసరము వచ్చినపుడు చేతికందిన సహాయము. మొత్తము నాలుగైదు లక్షలమంది ఈ విధముగా భారతదేశము చేరిరని చరిత్రకారుల అంచనా. మరణించినవారి లెక్క పదివేలనుండి ఏబదివేలకు పైగా పలువిధములుగా చెప్పబడుచున్నది. అంచనాల నడుమ ఇంత అంతరముండుటయే ఒక సాక్ష్యము: చచ్చినవారిని లెక్కించు బాధ్యత ఎవరికిని అప్పగింపబడలేదు. 1975లో ఈ విషయముపై వ్యాసము వ్రాసిన హ్యూ టింకర్ దీనిని మరువబడిన మహాప్రస్థానముగా పేర్కొనుట సమంజసమే.

దారిలో తెల్లవారికొక వసతి, నల్లవారికొక వసతి కల్పింపబడెనను ఆరోపణ నాడు దేశమంతట వ్యాపించినది. గాంధీజీ హరిజన పత్రికలో ఆ వివక్షను తీవ్రముగా ఖండించిరి. 1942 ఆగస్టు ఉద్యమమునకు ముందు ప్రజల మనస్సులో సామ్రాజ్యముపై నమ్మకము సడలుటకు బర్మానుండి వచ్చినవారు చెప్పిన కథలు ఒక కారణము. ఆంధ్రతీరమున ఈ భయము మరింత దగ్గరగా వచ్చినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. రంగమునుండి ప్రాణములు దక్కించుకొని ఇల్లు చేరినవానికి ఇంటియొద్దను అదే యుద్ధము ఎదురయ్యెను.

ఇపుడు పేర్ల ప్రశ్నకు రావలెను. ప్రభుత్వపు కాగితములలో ఈ జనమునకు శరణార్థులని పేరు లేదు. 'ఇవాక్యూయీలు', అనగా ఒకచోటినుండి మరియొకచోటికి తరలింపబడినవారు అని పేరు. కర్మణి ప్రయోగములో నున్న ఈ పదము నిజమును తలక్రిందులు చేయుచున్నది. పెక్కుమందిని ఎవరును తరలింపలేదు. వారే నడచి వచ్చిరి. ఐనను ఆ పేరునకు ఒక న్యాయశాస్త్ర ప్రయోజనము కలదు. ఒకే చక్రవర్తికి చెందిన ప్రజ ఒక మండలమునుండి మరియొక మండలమునకు పోవుట ఆంతరంగిక వ్యవహారమగును. దానిలో ఇతర రాజ్యములకు ప్రమేయముండదు. బర్మా ప్రభుత్వము సైతము పారిపోయి వచ్చి సిమ్లాలో కాపురముండెను. కాని దానిని ఎవరును కాందిశీక ప్రభుత్వ మనలేదు.

ఇదే 1942లో భారతదేశమున మరియొక దృశ్యము కలదు. సోవియట్ దేశమునుండి బయటపడిన పోలెండు బాలబాలికలకు నవానగరు మహారాజు జామ్ సాహెబు దిగ్విజయసింహుడు జామ్‌నగరు సమీపమున బాలాచడిలో ఆశ్రయ మిచ్చెను. 1943నుండి కొల్హాపురము దగ్గర వలివడె శిబిరమున సుమారు అయిదువేలమంది పోలెండువారు నివసించిరి. వారికి పాఠశాలలు, చర్చి, వైద్యశాల ఏర్పడినవి. ఆ ఆతిథ్యము భారతదేశమునకు గౌరవము తెచ్చినది. దానిని తక్కువచేయుట తగదు. కాని పోలికవలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. పోలెండువారికి లండనులో తమ ప్రవాస ప్రభుత్వము కలదు. అది వారి ఖర్చు భరించెను, వారి పక్షమున మాటలాడెను. కోరంగి కూలివాని పక్షమున ఏ సభలోనైనను తన దేశమే అని చెప్పుకొని నిలుచు ప్రభుత్వము లేదు. కష్టములో తేడా లేదు. ఆ కష్టమును అంతర్జాతీయ భాషలో చెప్పగల రాజ్యము ఉండుట, లేకపోవుటలోనే తేడా.

అప్పటికి అంతర్జాతీయ బాధ్యత అనునది పూర్తిగా లేకపోలేదు. 1921లో నానాజాతి సమితి నార్వే దేశీయుడగు నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనరుగా నియమించెను. 1922నుండి ఆయన పేరిట చెల్లిన ప్రయాణపత్రములు రాజ్యము లేని రష్యనులకు ఉపకరించెను. తరువాత ఆర్మీనియనులకు సైతము ఆ సౌకర్యము కలిగినది. 1938లో ఎవియాన్‌లో ముప్పదికి పైగా దేశములు కూడి, జర్మనీ యూదుల విషయమున సానుభూతి ప్రకటించి, తమ తలుపులు మాత్రము తెరువక లేచిపోయినవి. ఈ ఏర్పాటులన్నియు ఒక్కొక్క జాతిపేర జరిగినవి. పేరున్నవానికి పత్రము, పేరు లేనివానికి దారి. 1943లో నలుబది నాలుగు దేశములు కలిసి సహాయ పునరావాస సంస్థ నొకదానిని స్థాపించినవి. భారతదేశము అందొక సభ్యరాజ్యము. ఆ తరువాత అంతర్జాతీయ శరణార్థి సంస్థయు, 1951 జనవరి 1నుండి ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనరు కార్యాలయమును పనిచేయుట ప్రారంభించినవి.

1951 జూలై 28న జెనీవాలో కుదిరిన ఒడంబడిక శరణార్థికి నిర్వచనమిచ్చినది. జాతి, మతము, జాతీయత, సామాజికవర్గము, రాజకీయాభిప్రాయము అను కారణములచేత పీడింపబడుదునను సహేతుకమైన భయముతో స్వదేశము వెలుపలనున్నవాడు శరణార్థి. అట్టివానిని ప్రాణాపాయమున్న చోటికి తిరిగి పంపరాదని ముప్పది మూడవ అధికరణము శాసించుచున్నది. ఇది మానవజాతి సాధించిన గొప్ప నియమములలో నొకటి. ఐనను టౌంగప్ కనుమలో నడచిన తెలుగు కూలివానిని ఈ నిర్వచనము ముందు నిలిపి చూడవలెను. మొదటి ప్రశ్న: అతడు దేనికి భయపడెను? బాంబునకు. బాంబు జాతిమతములను విచారింపదు. కనుక అది పీడన కాదు. రెండవ ప్రశ్న: అతడు స్వదేశము వెలుపల నున్నాడా? అతడు నడచుచున్నది స్వదేశమువైపే. మూడవ ప్రశ్న: అతని ఆపద ఎచ్చట జరిగినది? ఐరోపాలో జరిగిన సంఘటనలకు మాత్రమే ఒడంబడికను వర్తింపజేసికొను స్వేచ్ఛ సంతకము చేసిన రాజ్యములకు నాడు కలదు. మూడు ప్రశ్నలలోను అతడు ఓడిపోవును. 1967 నాటి అనుబంధ ఒప్పందము కాలపు హద్దును తొలగించినది. ఐరోపాహద్దును చాలవరకు తొలగించినది. పీడన అను షరతు మాత్రము నిలిచియే యున్నది. యుద్ధమునుండి పారిపోవుట ఒక్కటే చాలదను వాదము అందుండియే బలము పొందుచున్నది.

భారతదేశము ఈ ఒడంబడికపై గాని, 1967 ఒప్పందముపై గాని సంతకము చేయలేదు. దేశవిభజన కాలమున కోటికి పైగా జనము ఇటునటు మారినపుడు అంతర్జాతీయ శాసనము వారిని తన పరిధిలో చేర్చుకొనలేదు. ఐరోపా ప్రయోజనమునకు కుట్టిన చొక్కా ఆసియాకు సరిపడదను భావము ఢిల్లీలో ఏర్పడుటలో వింత లేదు. 1971లో తూర్పు బెంగాలునుండి కోటిమంది రాగా, హైకమిషనరు సదరుద్దీన్ ఆగాఖాన్ ఆధ్వర్యమున సమితి సహాయము సమకూర్చినను, బరువు అధికభాగము భారత ఖజానాపైననే పడినది. అంతకుముందు తూర్పు పాకిస్తానునుండి వచ్చిన వంగ కుటుంబములలో కొన్ని ఆదిలాబాదు ప్రాంతమున కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాం మొదలగు చోట్ల స్థిరపడినవి. ఆశ్రయ మిచ్చుటలో ఈ దేశము వెనుకబడలేదు. కాని ఇచ్చినది దయగా నిచ్చినది, హక్కుగా గాదు. దయకు కాలము, ముఖము, అవసరము మారుచుండును.

ఈలోపున బర్మా తెలుగువారి కథ మరల మొదటికి వచ్చెను. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వము వచ్చిన తరువాత అంగళ్ళు, మరలు జాతీయము చేయబడినవి. 1964 మే నెలలో ఏబది, నూరు చాట్ల నోట్లు చెల్లవనిరి. లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. ఈసారి భారత ప్రభుత్వము ఓడలను పంపినది. విశాఖపట్టణమున నేటికిని బర్మా క్యాంపు అను పేట ఉన్నది. 1969లో మదరాసున బర్మా, సింహళములనుండి వచ్చినవారికై రెప్కో బ్యాంకు స్థాపింపబడినది. వీరికి కాగితములలో పేరు 'రిపాట్రియేటు', అనగా స్వదేశమునకు మరలివచ్చినవాడు. రంగములో పుట్టి, బర్మా భాషలో చదివి, విశాఖను ఎన్నడును చూడని బాలునకు ఏది స్వదేశమో ఆ పదము విచారింపలేదు. ఐనను 1942తో పోల్చినచో ఒక మేలు కలదు. ఈసారి 'మావారు' అని చెప్పు రాజ్యమొకటి రేవులో నిలిచి యుండెను. ఆ మాటవలన ఎన్ని ప్రాణములు దక్కినవో చరిత్ర చూపుచున్నది.

ఇక ఆ మాట చెప్పు రాజ్యము లేనివాని సంగతి. 1942లో తెలుగు కూలీలు నడచివచ్చిన అరకాను తీరమే నేటి రఖైన్ రాష్ట్రము. 1982 నాటి బర్మా పౌరసత్వ శాసనముచేత అచటి రోహింగ్యాలలో అత్యధికులు రాజ్యహీనులైరి. 2012 అల్లరుల తరువాతను, 2017 ఆగస్టులో మొదలైన సైనికచర్యల తరువాతను వారు దేశము విడిచిరి. 2017లోనే ఏడులక్షలమందికి పైగా బంగ్లాదేశము చేరిరి. కొన్ని వేలమంది హైదరాబాదు వచ్చి బాలాపూరు ప్రాంతమున పాకలు వేసికొని కూలిపనులు చేయుచున్నారు. వారిలో పలువురియొద్ద హైకమిషనరు కార్యాలయమిచ్చిన గుర్తింపు కార్డులున్నవి. భారత శాసనము వారిని విదేశీయులుగానే చూచును. శరణార్థి అను పదము 2025 వరకు అమలులో నుండిన 1946 విదేశీయుల చట్టములో లేకుండెను. చక్మాల వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు ప్రాణరక్షణ హక్కు పౌరులు కానివారికిని కలదని తీర్పు చెప్పినది. రోహింగ్యాల విషయమున 2021 ఏప్రిల్ 8 నాటి ఉత్తరువులో, విధివిహితమైన పద్ధతి ననుసరించి పంపివేయుటకు అడ్డు చెప్పలేదు. ఈ రెంటి నడుమ ఆ కార్డు విలువ ఊగులాడుచున్నది.

ఇచట రెండు ఆక్షేపణలు వచ్చును. వచ్చినవారిలో శత్రువు గూఢచారి యుండవచ్చును గదా యని మొదటిది. ఇది క్రొత్తది కాదు. విభీషణుడు సముద్రపు టొడ్డున నిలిచినపుడు సుగ్రీవుడు చెప్పినదియు ఇదే. రాముడు ఆ సందేహమును వినుటకు నిరాకరింపలేదు. అందరి మాటయు విని, పరీక్షకు చోటిచ్చి, అభయము మాత్రము ఇచ్చెను. పరీక్ష వేరు, తిరస్కారము వేరు. ఒక్కొక్కనిని విచారించుట రాజ్యధర్మము. జాతినంతను అనుమానించి త్రోసివేయుట కాదు. రెండవ ఆక్షేపణ బలమైనది. పేద దేశములు ఎంతకాలము, ఎందరిని భరించును? దీనికి తలుపు మూయుట సమాధానము కాదు. బరువు పంచుకొనుటయే సమాధానము. 1951 ఒడంబడిక పీఠికలోనే ఆశ్రయమిచ్చుటవలన కొన్ని దేశములపై మితిమీరిన భారము పడవచ్చునను మాట ఉన్నది. ఆ భారమును పంచు విధానము మాత్రము అందు లేదు. 2018 డిసెంబరులో సమితి ఆమోదించిన శరణార్థుల ప్రపంచ సంకల్పము పంచుకొనుటనే లక్ష్యముగా చెప్పినది; కాని అది ఎవరిని కట్టివేయు శాసనము గాదు.

మార్గము లేకపోలేదు. 1969లో ఆఫ్రికా రాజ్యములు తమ ఒడంబడికలో బయటివారి దండయాత్ర, పరాక్రమణము, శాంతిభంగము వీనినుండి పారిపోయినవానిని శరణార్థిగా గుర్తించినవి. 1984లో లాటిన్ అమెరికా దేశములు కార్తహేనాలో అట్టి ప్రకటననే చేసినవి. ఆసియా ఆఫ్రికా న్యాయసలహా సంఘము 1966లో బాంకాకులో కొన్ని సూత్రములను ఏర్పరచినది. 2001లో న్యూఢిల్లీలో వానిని విస్తరించి సవరించినది. ఆ సూత్రములు రాజ్యములను కట్టివేయకున్నను, యుద్ధమునుండి పారిపోవువానిని గుర్తించు భాష ఆసియాలోనే ఉన్నదని చెప్పుటకు అవి చాలును. ఆఫ్రికా నిర్వచనమే 1942లో అమలులో నున్నచో, పైన చెప్పిన మూడు ప్రశ్నలలో మొదటిదానియందు కోరంగి కూలివాడు గెలిచియుండును. బాంబునకు భయపడుట చాలును. కాందిశీక శబ్దము వేల యేండ్ల క్రిందట చెప్పినది ఇంతమాత్రమే.

కనుక ఈ వ్యాసమునందలి ప్రతిపాదన సంగ్రహముగా నిది. బాధ్యత పేరునుబట్టి గాక ఆపదనుబట్టి ఏర్పడవలెను. ఇవాక్యూయీ, రిపాట్రియేటు, విదేశీయుడు అను పేర్లు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క రాజ్యము తన సౌకర్యమునకై పెట్టినవి. వాని క్రింద నున్న మనిషి ఒక్కడే. తెలుగువారికి ఈ సత్యము పుస్తకములలో చదువవలసినది గాదు. మన ఉత్తర తీరమున పలు కుటుంబముల చరిత్రయే అది. ఆ కనుమలు దాటినవారిలో నేడు సజీవులుగా నున్నవారు అరుదు. వారి బిడ్డలును వృద్ధులే. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మండలములలో రంగమునుండి వచ్చినవారి ఇండ్లలో పాత ఉత్తరములు, సంచార పత్రములు, ఓడ టిక్కెట్లు, మేస్త్రీల లెక్కపుస్తకములు ఇంకను దొరకవచ్చును. ప్రభుత్వ భాండాగారములలోని నివేదికలు అధికారుల మాట చెప్పును. నడచినవారి మాట తెలుగులోనే ఉండును. పరిశోధక విద్యార్థులు ఆ మాటను సేకరించుటకు మిగిలిన కాలము స్వల్పము. అట్లే బాలాపూరు పాకలలో నున్నవారి కథయు మన నగర చరిత్రలో భాగమగుచున్నది. ఒక తీరపు దారిని ఎనుబది యేండ్ల వ్యవధిలో రెండు జనములు నడచిన తీరును ప్రక్కప్రక్కన పెట్టి వ్రాయగలిగినచో, 1942లో లెక్కకు రాని మృతులకు కొంత ఋణము తీరును. నేడు సజీవులై యున్నవారి విషయమున ఆ తప్పు మరల జరుగకుండుటకును అది తోడ్పడును.